పట్టీ ఆగిన పావుగంట

మందుల ఫ్యాక్టరీలో సీసాలు చూడటం డేగక్క పని. ఆవిడ అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడదు. నడిచే పట్టీ మీద సీసాలు వరసగా వస్తుంటాయి, వెనక తెల్లటి దీపం వెలుగుతుంటుంది. మందులో నలుసో గాజుపెచ్చో కనబడితే ఆ సీసా తీసి ఎర్ర తొట్టిలో వెయ్యాలి. పందొమ్మిదేళ్లలో ఆవిడ కన్నుగప్పిన నలుసు లేదు.

ఇంట్లోనూ అదే వరస. మంచినీళ్ల గ్లాసును దీపానికి అడ్డంపెట్టి తిప్పి చూస్తే గానీ తాగదు. "నీళ్లలో నన్ను వెతుకుతున్నావా ఏంటి? నేనిక్కడున్నా" అంటాడు, నడుం పడిపోయి మంచం పట్టిన మొగుడు. "నువ్వూ నలుసువే. కాకపోతే ముందే కంట్లో పడ్డావ్" అంటుంది.

ఆ ఇల్లు ఆవిడ కళ్ల మీదే నడుస్తోంది. ఆ కళ్లే ఆర్నెల్లుగా మొరాయిస్తున్నాయి. రెప్ప మూసినా నలుసులే. ఉన్నవో లేనివో తేలక మంచి సీసాల్నీ తొట్టిలోకి తోసేస్తోంది. చెడ్డది పోనిస్తే ఉద్యోగం ఊడుతుంది, మంచిది పారేస్తే అడిగే నాథుడు లేడు. అలసిన చెయ్యి ఎప్పుడూ పారేసే వైపే మొగ్గుతుంది. పక్క సీటులో కూర్చునే ఆడపడుచు చూసీ చూడనట్టు ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే కొత్త మేనేజరమ్మ ఓ గది తెరిపించింది. మెత్తటి కుర్చీలు, మసక వెలుతురు. అలసినవాళ్లు ఎప్పుడైనా పావుగంట కూర్చోవచ్చంది. గుమ్మం దగ్గర మాత్రం ఓ పుస్తకం పెట్టించింది: పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ.

"చూశావా వదినా, మన మీద ఎంత దయో!"

"దయకి పుస్తకమెందుకే పిచ్చిదానా? అది గది కాదు, ఎలకలబోను. ఎవరు డొల్లయిపోయారో వాళ్ల చేతే రాయించుకుంటారు. ఆ తర్వాత గేటు చూపిస్తారు."

ఎద్దుకు తల తిరక్కుండా గంతలు కట్టానంటాడు గానుగవాడు. అబద్ధమేమీ కాదు. అయినా నూనె ఎవరి కుండలో పడుతోందో ఎద్దుకు తెలియదనుకోవడమే తప్పు. పాత మేనేజరు "ఒంట్లో ఎలా ఉందమ్మా" అని ముగ్గురిని ప్రేమగా పలకరించాడు. నెల తిరక్కుండా ముగ్గురూ ఇంటికెళ్లారు. డేగక్క అది మరిచిపోలేదు.

ఓ భోజనాల వేళ గది ఖాళీగా ఉంటే వెళ్లి సోదా చేసింది. కుర్చీ దిండ్లు ఎత్తి చూసింది, గోడ గడియారం వెనక తడిమింది. కెమెరా లేదు, ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతో అనుమానం మరీ పెరిగింది.

నెల గడిచినా పుస్తకంలో ఒక్క పేరు పడలేదు. అప్పుడు మేనేజరమ్మ డేగక్కను తన ఆఫీసు గదికి పిలిపించింది. బల్ల మీద మూడు సీసాలు, ఎర్ర తొట్టిలోవి.

'అయిపోయింది, మూటా ముల్లే సర్దుకోవాలి' అనుకుంది డేగక్క.

"వీటిలో ఏముందో నాకు కనబడట్లేదమ్మా. మీరు చూపించండి."

డేగక్క మూడింటినీ వెలుగులో తిప్పింది. చాలాసేపు తిప్పింది. అబద్ధమాడితే గండం గడిచేదే. కానీ పందొమ్మిదేళ్లలో ఆ కళ్లు అబద్ధం చెప్పి ఎరగవు.

"మంచివే. ఏమీ లేదు."

"మరెందుకు పారేశారు?"

"కళ్లు పోయాయి గనక! రాసుకోండి, చేతిలో పెన్నుందిగా."

మేనేజరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "మరి ఆ కుర్చీల గదిలోకి ఒక్కసారైనా వెళ్లలేదేం?"

"నేను లేస్తే పట్టీ ఆగుతుందా? నా సీసాలన్నీ మా ఆడపడుచు నెత్తిన పడతాయి. దానివేమైనా అద్దె కళ్లా? పైగా గుమ్మంలో ఆ పుస్తకమొకటి! ఠాణాలో సంతకం పెట్టినట్టు పెట్టి, అప్పుడు అలసిపోవాలా?"

"గది ఎంతమందికి పనికొస్తోందో తెలుస్తుందని నేనే పెట్టించానమ్మా."

"తెలిసిందిగా."

ఆ రాత్రి డేగక్కకు నిద్రలేదు.

మర్నాడు పదకొండింటికి పట్టీ ఆగింది. చెడిపోయి కాదు, ఆపితేనే ఆగింది. ముప్ఫైమంది ఆడవాళ్లు బొమ్మల్లా కూర్చుండిపోయారు. రోజుకు మూడుసార్లు అందరికీ ఒకేసారి ఆపుతామని, చూసేవాళ్లూ మూతలు బిగించేవాళ్లూ పూటపూటకీ మారతారని చెప్పింది మేనేజరమ్మ. గది గుమ్మం దగ్గర పుస్తకం లేదు.

డేగక్క లోపలికెళ్లి మెత్తటి కుర్చీ అంచున కూర్చుంది.

"వెనక్కి ఆనుకో వదినా, కరవదులే."

"చూస్తూ ఉండవే. ఈ మూడు పావుగంటలూ సాయంత్రం బెల్లుకి తగిలిస్తారు."

రోజూలాగే ఐదుకు బెల్లు మోగింది. ఆవిడ గోడ గడియారం చూసింది, తన వాచీ చూసింది, గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని అతని వాచీ కూడా చూసింది. అన్నీ ఐదే.

పది రోజుల తర్వాత ఆవిడ తొట్టిలో రెండంటే రెండు సీసాలున్నాయి. దీపానికి ఎత్తి చూసింది. రెండింట్లోనూ నలుసులున్నాయి, నిజం నలుసులు. మళ్లీ ఓసారి చూసి, మెల్లగా పెట్టేసింది.

ఆ సాయంత్రం కూడా గేటు దాటాక కాసేపు నిలబడింది, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని.

"పద వదినా, ఎవరూ పిలవట్లేదు."

"ఇవాళ్టికి పిలవలేదే" అంటూ నడిచింది డేగక్క.