గిటారు లేని నాలుగు నిమిషాలు

మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి అనకాపల్లి వెళ్ళిన రోజు అమావాస్య. బెల్లం మార్కెట్ మూసేశారు. చంద్రుడు కనపడకపోతే బెల్లం చేదెక్కుతుందా అని నాకు ఒళ్ళు మండింది. అంతలో ఒక గోదాంలోంచి డ్రమ్స్ మోత వినిపించింది.

లోపల ముగ్గురు నడివయసు వాళ్ళు ప్రోగ్రెసివ్ రాక్ వాయిస్తున్నారు. తాళాలు మారుతూ ఒకే పాట ఇరవై నిమిషాలు సాగే సంగీతం అది. డ్రమ్స్ వాయించే బెల్లం వర్తకుడు సూరిబాబుతో నా కోపం చెప్పాను.

"సెలవెందుకిచ్చేరో మాకు తెలీదండి. నలుగురం మార్కెట్టోళ్ళమే, అందరికీ ఒకేసారి కాళీ దొరికేది అమావాస్యకే. కాలేజీలో మొదలెట్టిన బేండు ఈ అమావాస్యల వల్లే బతికింది."

"నాలుగో ఆయన?"

"గిటారు మా నాయుడిది. పోయిన నెల పోయేడు. ఆడు లేకండా ఇదే మొదలు. పాట సివరికంటా సాగిందా, బేండు ఉంటాది. లేకపోతే ఇయ్యాల్టితో సరి."

"ఏటి బావా, ఉపన్యాసమా? కొట్టు!" అన్నాడు కీబోర్డు దగ్గరున్న అప్పారావు.

పాట మళ్ళీ ఎత్తుకున్నారు. కొంతసేపటికి గిటారు ఒంటరిగా పలకవలసిన చోటు వచ్చింది. అప్పారావూ, బేస్ వాయించే ఆయనా చేతులు దించుకుని నిలబడ్డారు. సూరిబాబు మాత్రం మెల్లగా తాళం వేస్తూ ఆ నాలుగు నిమిషాలూ దాటించాడు. తర్వాత ముగ్గురూ ఒకే దెబ్బ మీద పాటలోకి వచ్చి, చివరిదాకా వాయించారు.

మంత్రం లేని ఆ తర్పణం చూసి, నా ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"వచ్చే అమావాస్యకి కొత్త పాట కడదామా?" అని సూరిబాబు అడిగాడు.

అప్పారావు కళ్ళు తుడుచుకున్నాడు. "కడదాం. అందులో కూడా ఆడి చోటు ఆడికి వదిలెయ్ బావా."