మరోసారక్క డిగ్రీ

“నీ కాలేజీకి గుర్తింపు ఇచ్చారంటున్నావే, వాళ్ళకి గుర్తింపు ఎవరిచ్చారమ్మా?”

ఆసుపత్రి సిబ్బంది విభాగంలో ఆఫీసరమ్మ ఈ మాట తలెత్తకుండానే అడిగింది. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న నర్సుకి ప్రశ్న అర్థం కావడానికే కాస్త సమయం పట్టింది. ఆపరేషన్ల వార్డులో ఇన్నేళ్ళుగా అందరినీ ప్రశ్నలతో వేపుకుతిన్న మనిషి, ఈ ఒక్క ప్రశ్న తనకెందుకు తోచలేదో తెలియక చేతిలోని డిగ్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

వార్డులో ఆవిడ పేరు మరోసారక్క. ఎవరైనా మందు పేరు చెబితే “మరోసారి చెప్పు” అంటుంది. డాక్టరు రాసిన కోడిగీతలు అర్థం కాకపోతే అన్నం తింటున్న మనిషికైనా సరే ఫోను చేసి “మరోసారి చెప్పండి సార్” అంటుంది. లిఫ్టులు బాగుచేసే మొగుడు ఈ విషయంలో అందరికంటే ముందు బాధితుడు. “నిన్ను చేసుకుంటానంటే కూడా మరోసారి చెప్పమంది. అప్పుడే ఆలోచించుకోవాల్సింది” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

నర్సులు దేవతలని ఏటా ఒకరోజు పూలగుత్తి చేతిలో పెట్టి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. దేవతలకి జీతం పెంచక్కర్లేదు కాబట్టి ఆ మాట చవగ్గా వస్తుంది. మరోసారక్కకి దేవత ఉద్యోగం వద్దు, హెడ్‌నర్సు ఉద్యోగం కావాలి. ఉన్నావిడ రిటైరవుతోంది. ఆ కుర్చీకి డిగ్రీ తప్పనిసరి, ఈవిడ దగ్గరున్నది డిప్లొమా. కాలేజీకి వెళ్ళి చదువుకుంటానంటే సెలవివ్వరు, సెలవిచ్చినా ఇల్లు గడవదు. అందుకే ఆన్‌లైన్ డిగ్రీ.

కళ్ళు మూసుకుని దూకిందనుకుంటే పొరపాటు. కాలేజీ పేజీ పైనుంచి కిందదాకా చదివింది. అడుగున బంగారు రంగు ముద్ర ఒకటి ఉంది. దాని చుట్టూ ‘ప్రపంచ నర్సింగ్ విద్యా గుర్తింపు మండలి’ అని రాసి ఉంది. అంత పొడుగు పేరు చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి, ఆవిడకి గౌరవం కలిగింది. అయినా తన అలవాటు మానలేదు. ముద్ర కిందున్న నంబరుకి ఫోను చేసి అడిగింది. అవతల ఒకావిడ, గొంతులో తేనె పోసుకున్నట్టు, గుర్తింపు ఉందని చెప్పింది. “మరోసారి చెప్పండి” అంది మరోసారక్క. అదే తేనె మరోసారి పోసింది. ఇక సందేహం లేదనుకుని, ఉద్యోగుల సంఘంలో అప్పు చేసి ఫీజు కట్టింది.

చదువులో భాగంగా వార్డులో పనిచెయ్యాల్సిన గంటల మాటేమిటని అడిగితే, మీరు ఎలాగూ ఆసుపత్రిలోనే ఉన్నారు కదా, ఆ డ్యూటీలే లెక్కలో వేసుకుంటాం అన్నారు. పరీక్షించడానికి ఎవరూ రాలేదు. పనిమంతురాలికి దక్కిన గౌరవమనుకుని సంతోషించింది.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. ఇన్సులిన్‌లాంటి ప్రమాదమైన మందు ఒక నర్సు సిరంజిలోకి తీస్తే, రోగికి పొడిచేలోగా ఇంకో నర్సు సీసా చదివి, మోతాదు చూసి, సంతకం పెట్టాలి. పద్ధతి బంగారంలాంటిది. అరిగిపోయిందంతే. మందు తీసింది మరోసారక్క అయితే రెండో నర్సు సీసా వైపు చూడదు, ఆవిడ ముఖం చూసి సంతకం పెట్టేస్తుంది. మరోసారక్కకి ఇది తెలుసు. తెలిసీ ఊరుకుంది. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది మరి.

ఇప్పుడు ఆఫీసరమ్మ ఆ మండలి నంబరు అడిగింది. స్పీకరు పెట్టి ఫోను కలిపింది. రెండు రింగులకే తేనె గొంతు పలికింది.

“నమస్కారం, కాలేజీ ఫీజుల విభాగం.”

ఆఫీసరమ్మ తొణక్కుండా, “గుర్తింపు మండలి కావాలండీ” అంది.

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. “ఆఁ, మండలేనండి, చెప్పండి.”

ఆఫీసరమ్మ ఫోను పెట్టేసింది. నవ్వలేదు, కోప్పడలేదు. నర్సింగ్ కౌన్సిల్ జాబితా తెరిచి తెర ఇటు తిప్పింది. కాలేజీ పేరూ లేదు, మండలి పేరూ లేదు. “దొంగకి దొంగే సాక్షి తల్లీ. ఈ డిగ్రీతో నేను నిన్ను హెడ్‌నర్సుని చెయ్యలేను” అంది.

మరోసారక్క తెర తనవైపు లాక్కుని జాబితా మరోసారి చదివింది. కుర్చీ పోయిందన్న సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. సిరంజి నింపిన చేతినే పట్టుకుని, సిరంజి సరిగ్గా ఉందా అని అడిగింది తను. మొదటి నెల ట్రైనీ చేస్తే బయట నిలబెట్టి చీవాట్లు పెట్టే తప్పు. తను చేసింది. పైగా మరోసారి అడిగి మరీ చేసింది.

మెట్లు దిగుతుంటే ఇంకో మనిషి గుర్తొచ్చి ఆగిపోయింది. చిన్నది.

చిన్నదంటే వార్డులో అందరికంటే తర్వాత చేరిన నర్సు. ఈవిడని చూసి అదే కాలేజీలో చేరింది. అదీ ఫీజుకి ఉద్యోగుల సంఘంలోనే అప్పు తీసుకుంటే హామీ సంతకం పెట్టింది మరోసారక్కే. వార్డులోకి వెళ్ళేసరికి చిన్నది డ్రెస్సింగ్ ట్రే సర్దుతోంది. మరోసారక్క మాటని చుట్టూ తిప్పలేదు. కాలేజీ దొంగదని, డిగ్రీ చిత్తుకాగితమని, ముందు తను సరిగ్గా చూడలేదని చెప్పింది.

చిన్నది చేతిలో కత్తెర ట్రేలో పెట్టింది. ఏడుస్తుందనుకుంది ఈవిడ, తిడుతుందనుకుంది. అవేమీ జరగలేదు.

“నువ్వు చూశావు కదక్కా” అంది చిన్నది. “అందుకే నేను చూడలేదు.”

నిందలా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. ఆఫీసరమ్మ ప్రశ్నకంటే ఇదే ఆవిడని నిలువునా కోసింది. తన పేరు మీద కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇంకెందరో, ఏయే మంచాల దగ్గరో అని తలుచుకుంది. ఇన్నాళ్ళూ ఏ రోగికీ ఏమీ కాకపోవడం ఆవిడ గొప్పతనం కాదు, అదృష్టం.

మర్నాడు షిఫ్టు మారేటప్పుడు అందరిముందూ జరిగింది చెప్పింది. కొందరు నేల చూశారు. ఒకావిడ “మరోసారి చెప్పు” అని నవ్వబోయి మధ్యలో మానేసింది. ఆరోజునుంచి ఆ వార్డులో రెండో నర్సు మొదటి నర్సుని ఏమీ అడగదు. సీసా తనే అందుకుని, అటు తిరిగి నిలబడి, చదివి, అంకె పైకి చెప్పాలి. ముఖాలు చూసుకోవడం లేదు. తను మందు తీసినప్పుడు ఎవరైనా చదవకుండా సంతకం పెట్టబోతే మరోసారక్క కలం లాక్కుంటుంది.

పోలీసు ఫిర్యాదు ఇచ్చారు. తేనె గొంతు ఇప్పుడు పలకడం లేదు, నంబరు లేదంటోంది. హెడ్‌నర్సు కుర్చీలో వేరే వార్డునుంచి ఒకావిడ వచ్చి కూర్చుంది. కౌన్సిల్ జాబితాలో ఉన్న కాలేజీ సాయంత్రం తరగతుల్లో మరోసారక్క మళ్ళీ మొదటి ఏడు చదువుతోంది. చేరేముందు కౌన్సిల్ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి కనుక్కొచ్చింది. చిన్నదీ వెళ్ళింది, వేరేరోజు, ఒక్కతే.

చిన్నదాని అప్పు కూడా తనే కడతానంటే మొగుడు జోకేమీ వెయ్యలేదు. రెండు అప్పుల వాయిదాలు ఒక జీతంలోంచి పోతే ఇల్లెలా నడుస్తుందని మాత్రం అడిగాడు. చిన్నది వద్దక్కా అని పోట్లాడింది. ఈవిడ వినలేదు.

తన అప్పు తీరింది. చిన్నదాని అప్పులో ఇంకా పదకొండు వాయిదాలున్నాయి, మరోసారక్క జీతంలోంచే కోస్తున్నారు.