తాగొద్దు సార్

ఒక వంకను కాపాడబోయిన మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. యుద్ధమేమీ కాదులెండి. అందులో నేను మాట్లాడింది రెండే మాటలు.

ధర్మవరం దగ్గర మా ఊరి వంకలో వాన నీళ్లు పారడం అరుదు. పారేవి పట్టుకు రంగులద్దే షెడ్డు వదిలే నీళ్లే. ఈ ఏడు ఏ రంగు చీరలకు గిరాకీ ఉందో మా గొర్రెల మూతులు చూసి చెప్పవచ్చు.

ఫిర్యాదులు వినడానికి అధికారి వచ్చిన రోజు, వంక నీళ్లు కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకుని వెళ్లాను. షెడ్డు యజమాని ముందు వరుసలోనే కూర్చున్నాడు. మా నాయన మగ్గం మీది పట్టు ఆయనిచ్చిందే. నేను నోరు తెరిస్తే రేపు మగ్గం ఖాళీ. సీసాను బల్ల మీద పెట్టి వెనక్కి తగ్గాను. అధికారి అది తనకు చేసిన మర్యాద అనుకుని మూత తీశాడు.

"తాగొద్దు సార్!" అని అరిచాను.

యజమాని నన్ను చూడలేదు, వెనక నిలబడ్డ మా నాయనను చూశాడు.

"ఏమప్పా, నీ కొడుకేనా?"

"నా కొడుకేన్నా," అన్నాడు నాయన. "వాడు చెప్పింది నిజమే గదన్నా. నువ్వు తాగుతావా?"

యజమాని లేచి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. అది చూస్తే ఇంకా ఎక్కువ భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. పట్టు తీసుకుపోవడానికి వచ్చారని అమ్మ మగ్గానికి అడ్డంగా నిలబడింది. వచ్చింది అధికారి పంపిన అటెండరు.

"కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పరీక్షకు పనికిరావంట. కడిగిన సీసాలో మళ్లా పట్టియ్యప్పా."

నాయన సీసా కడిగిచ్చాడు. వంకకు పరుగెత్తాను.

ఆ రోజు అమావాస్య, షెడ్డుకు సెలవు. అందుకే యజమాని మనుషులు రాలేదు. అందుకే వంకలో చుక్క నీళ్లు కూడా లేవు.