నార్వే భాషలో ఒక హెచ్చరిక

రేపు మా గుమ్మడిదల మందుల కంపెనీ చూడ్డానికి నార్వే నుంచి ఇద్దరు వస్తున్నారు. అందుకని ఇంగ్లీషు హెచ్చరిక బోర్డులన్నీ నార్వే భాషలోకి మార్చే పని నా నెత్తిన పడింది. పొద్దున్నంతా ఫోన్‌లో మాటలు వెతికి, మొదటి బోర్డు యాసిడ్ ట్యాంకుకి తగిలించాను. ఆ ట్యాంకు కడిగే యాదమ్మ వచ్చి చూసింది.

"ఏం రాసిండ్రు సారూ?"

"ముట్టుకుంటే చెయ్యి కాలుతుందని, రేపు వచ్చే నార్వే వాళ్ల భాషలో."

"గాళ్లొచ్చి కడుగుతరా ఏంది?"

బోర్డు కిందే సుద్దముక్కతో అదే మాట తెలుగులో రాశాను. సాయంత్రం మేనేజర్ చూశారు. "జల్దీ తుడిపియ్యండి, వచ్చేటోళ్లు చూస్తే మంచిగుండదు" అన్నారు.

యాదమ్మనే పిలిచారు. ఆమె కూడబలుక్కుంటూ చివరిదాకా చదువుకుని, తడిగుడ్డతో తుడిచేసింది.

మీ కంపెనీలో బోర్డులు ఏ దేశం వాళ్లకి అర్థమవుతాయో కాస్త చెప్పండి.