సైకిల్ మీది ముగ్గు

మా ఇంట్లో దొంగలు పడలేదు, అగ్గి అంటుకోలేదు. అయినా ఒక్క మధ్యాహ్నంలో, పోతే మళ్లీ రాని వస్తువు పోయింది. ఆ ఘనకార్యం చేసింది నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

తెలంగాణ కోసం రోజుమార్చి రోజు బందులు జరుగుతున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో నాన్నకు ఓ నల్ల సైకిల్ ఉండేది. దసరా పూజలో దానికి పెట్టిన ముగ్గు నిలవడం లేదని అమ్మ ఒక ఏడాది ఏకంగా తెల్ల పెయింటుతోనే వేసేసింది. ఫ్రేమంతా మెలికల తీగ, ముందు చక్రాన్ని పట్టుకునే చిమ్టా మీద చుక్కల ముగ్గు. కొన్నేళ్లకు అమ్మ పోయింది, ముగ్గు మిగిలింది.

తర్వాత నాన్న కళ్లకు శుక్లాలొచ్చాయి. ఆ గీతల్ని వేలితో తడుముకునేవాడు. ఎల్‌బీ నగర్ దవాఖానకు ఒక కంటి ఆపరేషన్‌కు పోతూ, "కట్టు ఇప్పినంక ముందుగాల మీ అమ్మ ముగ్గు చూస్త బిడ్డా" అన్నాడు.

ఇంకేం, నాలోని కళాకారుడు నిద్ర లేచాడు. వెలిసిన ముగ్గును కొత్తగా వేసి నాన్నను మురిపిద్దామనుకున్నాను. సాండ్ పేపర్ పట్టుకుని బర్రెను తోమినట్టు సైకిల్‌ను తోమేశాను. ఇనుము తళతళలాడింది. అప్పుడొచ్చింది పక్కింటి గుంటూరు ఆంటీ.

"ఏంటి బాబూ, ముగ్గేది?"

"మల్ల ఏస్త ఆంటీ."

"గీకేముందు కాగితం మీద దించుకున్నావా?"

"లేదు."

"పోనీ ఫోటో తీశావా?"

"లేదు ఆంటీ."

"ఎన్ని చుక్కలో అయినా గుర్తుందా?"

ఏళ్ల తరబడి ఆ సైకిలెక్కి తిరిగినవాణ్ని, ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

సరే, రంగైనా తెద్దామని బందుకు సగం దించిన రంగుల షాపు షటర్ కింద వంగి అడిగాను.

"అన్నా, నల్లదొకటి, తెల్లదొకటి ఇయ్యి."

"తెల్లది గోడల మీద నినాదాలు రాయనీకే అయిపాయె తమ్మీ. గులాబిది ఉన్నది."

"గదే ఇయ్యి."

నల్లరంగు మీద గులాబీ తీగ వేశాను. చూస్తే వానపాము పాకినట్టుంది.

కట్టు విప్పించుకుని నాన్న నేరుగా సైకిల్ దగ్గరికే వచ్చాడు. కన్ను మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు.

"ముగ్గు గులాబి రంగు కనబడుతున్నదేందిరా? అంత వంకర టింకర. ఆపరేషన్ ఫెయిలైంది బిడ్డా. రెండో కన్నుకు వద్దు."

చూశారా నా అవస్థ! నోరు మూసుకుంటే నేను బతుకుతాను, నాన్న రెండో కన్ను పోతుంది.

"నీ కన్ను మంచిగనే ఉన్నది నాయినా. గీ ముగ్గు నేనేసిన. అమ్మది నేనే గీకేసిన."

నాన్న చిమ్టా మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. బాగైన కంట్లోంచి నీళ్లు కారాయి. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చెంప తుడుచుకుని నావైపు తిరిగాడు.

"రెండోది గూడ చేయించు. ఇంట్ల ఇంకా ఏమేం ముడుతవో, రెండు కండ్లు పెట్టి కావలి కాయాలె."

అందుచేత మహాజనులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను: పాత వస్తువు తుప్పు పట్టినా, పెచ్చులూడినా, నా చెయ్యి దాని మీద పడదు. అమ్మ గీసిన గీత ఇంకొక్కటి ఎక్కడైనా దొరికితే, దాని మీది దుమ్ము కూడా దులపను.

ఇప్పటిదాకా దొరకలేదు.