ఉన్ని అక్కర్లేని ఊరికి

వీధిలో పోయేవాళ్లను ముఖం చూడకుండానే ఆమె పోల్చుకునేది. చాలామంది వీపుల మీద ఉన్నది తన అల్లికే. ఏడాదిలో ముప్పాతిక భాగం చలే ఉండే ఊరు. పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న పని, జుట్టు నెరిసేదాకా చేసింది. అందరూ స్వెటర్లక్క అనేవారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి.

భర్త మిల్లులో బాయిలర్ మెకానిక్. మిల్లు మూతపడ్డాక, అతని చెల్లెలు కాపురముంటున్న దీవిలో, ఓ హోటల్ లాండ్రీలో అతనికి పని దొరికింది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. విమానంలో తలకొక పెట్టె, అంతే. ఏం పట్టుకెళ్లాలన్న మాట రాగానే ఆమె కిటికీ దగ్గరి బల్ల వైపు చూసింది. బల్ల అంచుకు రెండు బిగింపులతో పట్టించిన అల్లిక మిషన్ అక్కడుంది.

"అదొక్కటే సగం పెట్టె తింటుంది," అన్నాడు భర్త.

"నీ కంచంలోది కాదుగా తినేది."

ఆడపడుచు ఫోన్‌లో నవ్వింది. "వదినా, ఇక్కడ స్వెటరేసుకుని బయటికొస్తే జ్వరమా అని అడుగుతారు. పైగా ఉప్పుగాలి. మొన్న కొన్న తాళంకప్ప అప్పుడే తుప్పు పట్టింది."

"నూలుతో పల్చటి చొక్కాలు అల్లుతాను."

"మా ఆయన స్నేహితుడు పనిమీద మీ ఊరొచ్చి తిరిగి ఇక్కడికొస్తాడు. అతనితో ఒకటి పంపు. బాగుంటే నేనే నలుగురికీ చూపిస్తా."

ఆమె తిండి మీద ధ్యాస లేకుండా అల్లింది. ఉన్ని పనివాళ్లు అల్లిక కాస్త వదులుగా ఉంచుతారు. మొదటి ఉతుకుకు ఉన్ని దగ్గరికొచ్చి ఒంటికి సరిపోతుంది. ఆ ఉతుకు ఎప్పుడూ కొన్నవాళ్లింట్లోనే. ఇన్నేళ్ల అలవాటున చేతులు నూలునూ వదులుగానే అల్లాయి. ఉతికి చూడాలని ఆమెకు తోచనే లేదు. లేత నీలం చొక్కా, మెడ దగ్గర సన్నటి గళ్లు. మడత పెట్టి పంపాక చాలా రోజులకు ఆమె మనసు తేలికపడింది.

ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, ఏమనుకోకు. వేసుకున్నప్పుడు బానే ఉంది. ఉతికి తీగ మీద ఆరేస్తే మోకాళ్లదాకా సాగింది. మా అత్తగారు చూసి, ఇదెవరికే, జిరాఫీకా అన్నారు."

"ఈసారి బిగించి అల్లుతాను."

"అల్లు. కానీ నిజం చెప్పనా? ఎవరికీ అక్కర్లేదు వదినా. ఇక్కడ సంతలో పల్చటి బనియన్లు కుప్పలు పోసి అమ్ముతారు."

అయినా బిగించి అల్లింది. బిగించి లాగితే నూలు పోగు ఉన్ని పోగులా సాగి ఇవ్వదు. పోగు తెగింది, మిషన్ సూదుల కొక్కేలు వంగాయి. వంగినవి తీసి కొత్తవి వేసింది. అవీ వంగాయి. మర్నాడు మిషన్ బిగింపులు విప్పి, పక్కింటావిడను పిలిచింది. స్వెటర్ల ముక్కలు కలిపి కుట్టేది ఆవిడే.

"ఇది నువ్వు తీసుకో."

"నాకెందుకక్కా? నువ్వు అల్లితేనేగా నేను కుట్టేది."

"నేర్పుతాను."

"వచ్చేవారం వెళ్లిపోతూ ఏం నేర్పుతావు? సరే, మంచం కిందైనా పడుంటుంది."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మోసుకెళ్లారు. ఆవిడ దాని మీద పాత దుప్పటి కప్పింది. తుప్పు పట్టకుండా నూనె వెయ్యడం ఎలాగో చెప్పబోయి ఆమె ఊరుకుంది.

ఇంటికొచ్చేసరికి భర్త పెట్టెను కొక్కెపు త్రాసుకు తగిలించి చూస్తున్నాడు. అతని ముఖం విప్పారింది.

"ఇంకా చాలా పడతాయే. నీవేమన్నా ఉన్నాయా?"

ఆమె గదంతా కలయజూసింది. గోడవారన ఉన్ని ఉండల బుట్ట ఉంది. బల్ల అంచున బిగింపులు నొక్కుకుపోయిన గుంటలు రెండున్నాయి.

"ఏం లేవు," అంది. "నీ రెంచీలు పెట్టుకో."

అతను రెంచీలు తెచ్చుకుని, గుడ్డలో చుట్టి, ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు.