సౌండ్ చూసుకోవడానికి ఒక్క దెబ్బ

నిరుడు మా పరకాల బోనాల్లో నేను రికార్డు చేసిన డప్పుల సౌండంతా పగిలి గరగరమంది. ఈసారి పగలనిచ్చేది లేదని పంతం పట్టి, చేతి రికార్డర్‌తో ఇవాళ ముందే వెళ్లాను.

"కాకా, జర గట్టిగ ఒక్క దెబ్బ కొట్టు. లెవెల్ చూసుకుంట" అన్నాను డప్పు మల్లయ్యతో.

"గట్టిగ కొడితె బయల్దేరమన్నట్టె, బోనాలు లేస్తయ్ బిడ్డా."

"ఒక్కటే కాకా!"

కొట్టాడు. మంటకు కాచిన డప్పు కదా, రికార్డర్‌లో ఎర్రలైటు వెలిగింది. లెవెల్ తగ్గించి తలెత్తేసరికి ఆడవాళ్లంతా బోనాలెత్తుకుని కదిలారు. ముందు నడవాల్సిన పోతరాజు ఇంకా పసుపు పూసుకుంటున్నాడు!

అందరూ నా మీద పడ్డారు. నేను మాత్రం రికార్డర్ ఆపలేదు. ఇంటికొచ్చి విన్నాను. ఒక్క తిట్టు కూడా పగల్లేదు.

ముందు ఏవి వినిపించమంటారు, డప్పులా, తిట్లా?